చెయ్యి లేచిందా, ఎత్తారా?

ఫిజియోథెరపీ గదిలో, పక్షవాతం వచ్చిన పెద్దాయన మోచేతిని థెరపిస్టు మెల్లగా మడుస్తుంది, గోనియోమీటర్ ఆనించి ఎన్ని డిగ్రీలో చూస్తుంది. మడిస్తే ఫ్లెక్షన్, చాపితే ఎక్స్‌టెన్షన్. చెయ్యి ఒంటికి దూరంగా జరిగితే అబ్డక్షన్, దగ్గరికొస్తే అడక్షన్. ఎటు కదిలిందో ఈ పేర్లు పొల్లుపోకుండా చెబుతాయి. ఎవరు కదిపారో చెప్పవు. అందుకే రోగి తానుగా కదిపితే ‘యాక్టివ్’ అని, మరొకరు కదిపితే ‘పాసివ్’ అని విడిగా రాసుకోవాల్సి వస్తుంది.

ప్రాచీన భారతీయ దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించిన వైశేషికుల అసలు విచారణ అక్కడే ఉంది. ఆ దర్శనానికి మూలమైన సూత్రాలు రాసిన కణాదుడు కర్మను, అంటే కదలికను, ఐదుగా విభజించాడు: ఉత్క్షేపణం, అవక్షేపణం, ఆకుంచనం, ప్రసారణం, గమనం. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాస్తూ వీటిని తేల్చి చెప్పాడు. ఒంటికి దగ్గరి చోటుతో కలిపేది ఆకుంచనం, దూరపు చోటుతో కలిపేది ప్రసారణం. పైకీ కిందికీ పోయేవి మొదటి రెండూ, మిగిలిందంతా గమనమే.

పేర్లతో ఆగి ఉంటే అది ఒట్టి జాబితా. వైశేషిక సూత్రాల ఐదో అధ్యాయం రోకలి పట్టిన మనిషిని ముందుకు తెస్తుంది. చెయ్యి లేవడానికి ఆత్మతో సంయోగం, ప్రయత్నం కారణాలు. రోకలి లేవడానికి ఆ చేతి పట్టు కారణం. మరి రోకలి రోటికి తగిలి ఎగిరినప్పుడు? పట్టుకున్న చెయ్యీ దాంతోపాటే లేస్తుంది. చూసేవాళ్లకు రెండూ ఒకటే. కణాదుడు ఒప్పుకోడు. రెండోసారి చేతిని లేపింది మనిషి ప్రయత్నం కాదు, రోకలికి తగిలిన దెబ్బ. ఒక్క దంపులో మనిషి చేసిందేదో, మనిషికి జరిగిందేదో ఇంత నిశితంగా విడదీసిన చూపు అబ్బురమే.

దీనిమీద పాపపుణ్యాల లెక్క ఆధారపడి ఉంది. పసివాడు కాళ్లూ చేతులూ ఆడించినా అది పుణ్యపాపాలకు కారణం కాదని ఆ సూత్రాలకు రాసిన ఉపస్కార వ్యాఖ్యలో శంకరమిశ్రుడు వివరిస్తాడు. నిద్రలో కదిలే మనిషికి ప్రయత్నమే లేదని సూత్రం.

1983లో నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం ప్రచురించిన ప్రయోగం ఈ లెక్కను మళ్లీ కదిపింది. చెయ్యి కదపాలని అనిపించిందని మనిషి చెప్పిన క్షణానికి దాదాపు సెకనులో మూడో వంతు ముందే మెదడులో సన్నాహం కనిపించింది. దాంతో స్వేచ్ఛ భ్రమేనని కొందరు తేల్చేశారు. అది తొందరపాటు. చివరి క్షణంలో ఆపుకునే శక్తి మనిషికి ఉందని లిబెట్టే వాదించాడు. అలా ఆగిన చేతిని గోనియోమీటర్ కొలవలేదు. న్యాయవైశేషికులు మాత్రం ప్రవృత్తితోపాటు నివృత్తిని, అంటే వెనక్కి తగ్గడాన్ని కూడా, ప్రయత్నంలో ఒక రకంగానే లెక్కించారు.