మార్కు ఎక్కడ ఆపాడు?

సీనాయి, వాటికన్ అనే బైబిలు రాతప్రతులు రెండూ 4వ శతాబ్దానివి. రెంటిలోనూ మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతుంది. ఖాళీ సమాధి చూసిన స్త్రీలు వణుకుతూ పారిపోతారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు.

అంతే.

తిరిగి లేచిన యేసు కనిపించడం, పాములను ఎత్తిపట్టడం గురించిన మాటలు 9 నుంచి 20 వరకున్న వచనాల్లోవి. అవి తర్వాత చేర్చినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అయితే 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత ఇరేనియస్‌కే వాటిలో ఒక వచనం తెలుసు. చేర్పయినా పాతదే!

దీన్ని పట్టుకుని అవిశ్వాసి గంతులేయనక్కర్లేదు. యేసు లేచాడన్న మాట 6వ వచనంలోనే ఉంది. విశ్వాసీ ఉలిక్కిపడనక్కర్లేదు, చాలా ఆధునిక అనువాదాలు ఈ సంగతిని దాచకుండానే అచ్చువేస్తున్నాయి. చిక్కల్లా అమెరికాలోని అపలాచియా కొండప్రాంతపు కొన్ని సంఘాలది. పాముల మాటున్న 18వ వచనాన్ని అక్షరాలా నమ్మి, ఆరాధనలో విషసర్పాలను చేతబట్టుకుంటారు. కాటుకు కొందరు పాస్టర్లే చనిపోయారు.