చెరసాలయు క్రోధశాంతియు

దేవకీ వసుదేవులు కంసుని చెరలో మగ్గుచుండగా శ్రీకృష్ణ భగవానుడు అవతరించెను. రాజసౌధమును గాక కారాగృహమును జన్మస్థానముగా గైకొన్న స్వామిని సేవించువారికి చెరలోని జీవుల యోగక్షేమములు పరాయి విషయము కాజాలవు.

కఠినశిక్ష పాపమును కడుగునని లోకమున ఒక తలంపు కలదు. ఇరుకుగది, చాలీచాలని కూడు, దెబ్బలు, అవమానము, ఒంటరితనము శరీరమును లొంగదీయవచ్చును. మనస్సును మాత్రము మండించును. క్రోధము వలన సమ్మోహము, దానివలన స్మృతిభ్రంశము, తుదకు బుద్ధినాశము కలుగునని గీతాచార్యుడు బోధించెను. బుద్ధి నశించినవాడు తన తప్పును తెలిసికొనుట ఎట్లు?

భక్త రామదాసు చరిత్రమే ఇందులకు సాక్ష్యము. భద్రాద్రిరామునకు ఆలయము కట్టించిన కంచెర్ల గోపన్న, తానీషా కాలమున గోల్కొండ కోటలో పన్నెండేండ్లు చెరయందుండెనని ప్రసిద్ధి. అంతటి భక్తుడును బాధకు తాళజాలక, ఎవరి సొమ్ముతో నగలు ధరించి మురియుచున్నావని తన స్వామినే నిలదీసెను. ఆ పరుషవాక్యములు దెబ్బలు పలికించినవే గాని తన హృదయము పలికినవి కావని ఆ కీర్తనయందే విన్నవించుకొనెను. పరమభక్తుని నోటనే నిష్ఠురము పలికించిన చెర సామాన్యునిచేత ఏమి చేయింపదు?

నల్లగొండ సీమలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం పాలనలో చెరసాల ననుభవించెను. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యులు ఆయనకు సహచరులు. ఆళ్వారుస్వామి నడచినది రాజకీయ మార్గము. అయినను తోటిఖైదీల బ్రతుకులను దయతో పరికించి, "జైలు లోపల" అను కథాసంపుటిని వెలయించెను. నేరస్థుడని ముద్రపడిన వానిలోను మానవహృదయము కలదని ఆ కథలు చాటును.

ధర్మశాసనమును ఈ మాటనే అంగీకరించినది. చెరలో పడినంతమాత్రమున మనుష్యుని ప్రాథమిక హక్కులు తొలగిపోవని 1978లో సునీల్ బత్రా కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. వరుసగా 15 దినములకు మించి ఏకాంతనిర్బంధము కూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమములు విధించినవి.

నేరమునకు గురియైనవారి దుఃఖమును మరచుట దయ కాదు. దోషికి శిక్ష ఉండవలసినదే. కాని చెరలో పగ పెంచుకొని వెడలివచ్చినవాడు మరియొక ఇంట దుఃఖము నాటగలడు. కావున ఖైదీయెడ చూపు కరుణ నిరపరాధులకును రక్షణయే.

యాదగిరిగుట్టలోను, కొల్లాపురము చెంతనున్న సింగోటములోను లక్ష్మీనరసింహుని దర్శించు యాత్రికులకు ఈ రహస్యము తెలియనిది కాదు. హిరణ్యకశిపుని వధించిన పిమ్మట స్వామి ఉగ్రత బ్రహ్మాదుల స్తోత్రములకును చల్లారలేదు. లక్ష్మీదేవియు సమీపింప వెరచెను. ప్రహ్లాదుడు నిర్భయముగా చేరి సాష్టాంగపడగా, ఆ బాలుని శిరస్సుపై చేయి ఉంచి స్వామి ప్రసన్నుడయ్యెను. లోకములను వణకించిన క్రోధమును శాంతింపజేసినది బలము కాదు, ప్రేమ.

శిక్ష ముగించుకొని గ్రామము చేరినవానికి పని చూపుట, పండుగనాడు వాని ఇంటివారిని వెలివేయకుండుట, వాని బిడ్డలను తండ్రిపేర నిందింపకుండుట - ఇవన్నియు గృహస్థులకు సాధ్యమైన కైంకర్యములే. చెరలో జన్మించిన స్వామికి ఇంతకంటె ప్రీతికరమైన సేవ ఏమి కలదు?