చుట్టుకొనియున్న లేత ఆకు

బందరు కాలువ నీరు నింపిన సీసాలో మనీప్లాంటు తీగె నొకటి కిటికీయొద్ద ఉంచి, చుట్టుకొనియున్న దాని లేత ఆకును ప్రతి ఉదయము సెల్‌ఫోనుతో ఫోటో తీసితిమి. నిన్నటికిని నేటికిని భేదమేమియు అగపడలేదు. నాలుగు వారముల పిమ్మట మొదటిదానిని కడపటిదానిని ప్రక్కప్రక్కన చూడగా, ఆకు విప్పారి వెలుతురువైపు తిరిగియున్నది! అప్పటికప్పటి పెరుగుదలను కంటికి చూపుటకు జగదీశ్ చంద్ర బోసుగారి యంత్రము దానిని 10,000 రెట్లు పెద్దది చేయవలసివచ్చెను.

మార్కు 4:26-29లోని రైతు విత్తి నిద్రించెను. త్రవ్వి చూచినట్లు లేదు. మేమైతే, త్రాగుడు మానెదనని మోకరించిన యొక సహోదరుని ఆదివారమాదివారము కొలిచి, మార్పు కనబడలేదని ప్రభువు బల్లకు దూరముంచితిమి. మనుష్యుని తూచుటకు ఎన్ని దినముల యెడము న్యాయము? ఒక్క వారమే గడువైతే మేమును నిలువము. మొన్న ఆరాధన ముగిసినపుడు అతడు వెనుక చాపమీద కూర్చుండియుండెను. వెళ్లి అతని ప్రక్కను కూర్చుంటిమి.