కవరు మీది పేరు

యూనిక్స్‌లో 'ఫ్రమ్' అని ఒక పాత కమాండ్ ఉంది. టెర్మినల్‌లో ఆ మాట కొడితే మీ మెయిల్ పెట్టెలో ఉన్న ఉత్తరాలు ఎవరు పంపారో, ఎప్పుడొచ్చాయో వరసగా చూపిస్తుంది. అంతే, ఏ ఉత్తరమూ తెరవదు. ఇంతవరకూ పేచీ లేదు. కానీ కమాండ్ చివర ఇంకొకరి యూజర్ పేరు తగిలిస్తే వాళ్ల పెట్టెలోకి చూస్తుంది. అనుమతి ఉంటేనే అనుకోండి. సిస్టమ్ అడ్మిన్‌కి అది ఎప్పుడూ ఉంటుంది.

అడ్మిన్ అలా చూశాడనుకుందాం. ఒక్క ఉత్తరమూ చదవలేదు, పేర్లు మాత్రమే చూశాడు. తప్పు చేసినట్టా, కాదా?

"కవరు మీదున్నదేగా, పోస్ట్‌మన్ కూడా చూస్తాడు" అన్నది మామూలుగా వినిపించే జవాబు. నాకు అది సరిపోలేదు. ఉత్తరం చేరడానికి కావలసింది అందుకునేవారి చిరునామా. ఇన్‌లాండ్ లెటర్ వెనక పంపినవారి చిరునామా రాసేది, అందకపోతే తిరిగి రావడానికి. మెయిల్‌లోనూ అంతే. 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణంలో పంపినవారి చిరునామా సర్వర్‌కి ఇచ్చేది, మెయిల్ అందకపోతే ఆ కబురు వెనక్కి పంపడానికే. (ఆ పేరు అసలుదో దొంగదో కూడా అప్పట్లో అడగలేదు, ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటి తనిఖీలు 2000 దాటాకే వచ్చాయి.) తిరుగుదారి కోసం ఇచ్చిన పేరుతో ఎవరికి ఎవరు దగ్గరో లెక్కగట్టడం వేరే పని. దానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఒంగోలు దగ్గర, సముద్రం ఒడ్డున కొత్తపట్నం ఉంది. 1937 వేసవిలో సోషలిస్టులు అక్కడ రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. అత్యవసరమంటూ ఉత్తరాలు ఆపే అధికారం 1898 పోస్టాఫీసు చట్టం నుంచే ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ రోజుల్లో కొత్తపట్నం నుంచి ఒక కుర్రాడు వాళ్లక్కకి ఉత్తరం రాశాడని ఊహించండి. లోపల ఉన్నది తిండి సంగతో, చేబదులు సంగతో. తెరిచి చదివినవాడికి ఆమెకి ఏ పాపమూ తెలీదని అర్థమవుతుంది. తెరవకుండా పేరూ ఊరూ రాసుకుపోయినవాడి లెక్కలో మాత్రం అక్క కూడా అనుమానితురాలే.

అందుకే "చదవలేదుగా" అన్న మాట నాకు సమర్థనలా వినిపించదు. ఒక్కోసారి చదవకపోవడమే ఎక్కువ అన్యాయం. ఎన్‌ఎస్‌ఏ అధిపతిగా చేసిన మైఖేల్ హేడెన్, మెటాడేటాని బట్టి మనుషుల్ని చంపుతామని 2014లో అందరి ముందే అన్నాడు. పీజీపీతో తాళం వేసుకున్నా అది లోపలి మాటలకే. పంపినవారి పేరు బయటే ఉంటుంది.

మెయిల్ సర్వర్ లాగుల్లో ఉండేవి కూడా ఈ పేర్లే. "బాడీ లేదు కదా" అని, ఏదైనా సమస్య వస్తే చూసుకోమని వాటిని టీమ్ మొత్తానికి తెరిచిపెట్టడం మా వృత్తిలో మామూలే. నేనైతే ఉత్తరం చదవడానికి అడిగినంత అనుమతీ ఆ లాగు చూడటానికీ అడగాలంటాను.