మొక్కుపిల్ల

డిసెంబరులో భూపాలపల్లి నుంచి చెల్లె ఫోన్ చేసింది. వాళ్ళాయనకు సింగరేణిలో పని. కూతురు సిస్టర్ల బడిలో రెండో తరగతి. ఆ పిల్ల కంచం ముందు కూర్చోగానే నొసటా, రొమ్మునా, భుజాలకూ వేళ్ళు తాకించుకుంటే గాని ముద్ద ఎత్తడం లేదట. అత్త ఇల్లు పీకి పందిరేస్తోందట. "అన్నా, నువ్వు గూడ గట్ల బడిలనే సదివినవ్ గద. ఒచ్చి దానికి ఓ మాట చెప్పు" అంది. ఏ మాట చెప్పాలో మాత్రం చెప్పలేదు.

అడిగేందుకు మనిషిని బాగానే వెతుక్కుంది! ఆ పని నేను ఇప్పటికీ చేస్తాను. పరీక్ష హాల్లో చేశాను, ఉద్యోగం ఇంటర్వ్యూకు ముందు చేశాను, అమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయినప్పుడు ఆసుపత్రి వరండాలో చేశాను. ఎవరైనా చూస్తే చొక్కా గుండీ సర్దుకుంటున్నాడనుకునేలా చేస్తాను. నేను క్రైస్తవుణ్ణి కాను. కురుమల ఇంట పుట్టినవాణ్ణి, కొమురెల్లి మల్లన్న మా ఇలవేల్పు. మరి ఆ చెయ్యి ఎవరి కోసం లేస్తున్నట్టు?

దేవుళ్ళంతా ఒక్కటే అనుకుంటే తీరిపోతుందంటారు. తీరదు. ఒక్కటే అయితే ఆసుపత్రిలో మల్లన్నకు దండం పెట్టుకున్నాక రెండోసారి చెయ్యి లేవాల్సిన పని లేదు. ఆ మాట ఊళ్ళో తగువు తెంపడానికి పనికొస్తుంది, మనిషి లోపలి తగువుకు కాదు. ఇక, ఆ బళ్ళు పెట్టిందే పిల్లల్ని మతంలో కలుపుకోవడానికి అనేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. నన్ను కలుపుకోలేదు. నా మనసులో మిగిలిన ముల్లు కూడా అదే.

జనగామలో నేను చదివిన బడిలో వారానికి రెండుసార్లు గంట కొట్టగానే తరగతి రెండుగా చీలేది. కథోలికుల పిల్లలు సత్యోపదేశానికి, మిగతా మేము మోరల్ సైన్స్‌కు. అక్కడ రంగురంగుల బొమ్మలు, మనిషిని మింగి మూడు రోజులకు కక్కిన చేప, సముద్రం చీలడం. ఇక్కడ అబద్ధమాడరాదు, వరుసలో నిలబడాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి. నా బెంచీ కిటికీ పక్కన. అబద్ధమాడరాదని రాసుకుంటూ చేప కథ చూసేవాణ్ణి.

రాజ్యాంగం 28వ అధికరణం ఉందని పెద్దయ్యాక తెలిసింది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో, ఒప్పుకోని వాణ్ణి మతబోధకు గాని పూజకు గాని కూర్చోబెట్టరాదు. పిల్లవాడైతే పెద్దల ఒప్పుదల కావాలి. పొద్దున అసెంబ్లీలో పరలోక జపం మాత్రం అందరం కలిసే చెప్పేవాళ్ళం. దానికి మా బాపు ఒప్పుకున్నాడా అంటే, అడ్మిషన్ ఫారం మీద ఆయన వేలిముద్ర ఉంది. ఇంగ్లీషు చదువు కోసం వేసిన ముద్ర అది. అందులో పరలోక జపానికి ఎంత వాటా ఉందో ఏ కోర్టు తేలుస్తుంది? ఏమైనా, చట్టం నన్ను కాపాడుతున్న గంటలో నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గౌరవించి దూరం పెట్టినా, దూరం పెట్టడమే అనిపించేది.

1987 డిసెంబరు. క్రిస్మస్ నాటకానికి గొర్రెల కాపరులు కావాలి. సిస్టర్ తరగతంతా చూసి నా దగ్గర ఆగింది. "మీ ఇంట్లో గొంగడి ఉంటుంది కదా?" అంది. అంతవరకూ గొంగడి వాసన వస్తోందని నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. ఆ రోజు బడిలో గొంగడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. గొర్రెపిల్లను కూడా తెస్తానని అడగకుండానే ఒప్పేసుకున్నాను.

నేను కోరిన పిల్ల మామూలు పిల్ల కాదు. వానకాలంలో నాకు జ్వరం ముదిరితే అమ్మ కొమురెల్లి గుట్ట మీది ఎల్లమ్మకు మొక్కిన పిల్ల. నాయనమ్మ అడ్డం తిరిగింది. ఎల్లమ్మ జీవాన్ని ఇంకో దేవుని ముంగట ఎట్ల పెడతరని కాదు ఆమె అభ్యంతరం. "పురుడింటికి తోల్కపోతే మైల గాదా?" అంది. బాపు నవ్వి, "ఆ పోరడు పుట్టి రెండు వేల ఏండ్లాయెనంట, ఇంక మైలేందే?" అన్నాడు. మతాల మీద తర్వాత నేను విన్న చర్చల్లో ఇంత సూటిగా తెగింది మరొకటి లేదు. ఇద్దరూ ఆ పుట్టుకను నిజంగా జరిగిన పుట్టుకగానే మాట్లాడారు.

నాటకం రోజు, పశువుల పాకలో పడుకోబెట్టిన బాలయేసు బొమ్మ కింది గడ్డిని మా పిల్ల మెల్లగా మేయడం మొదలుపెట్టింది. జనం నవ్వారు. సిస్టర్ దాని మెడ నిమురుతూ "దీని పేరేమిటి?" అంది. "మొక్కుపిల్ల" అన్నాను. ఆమెది కేరళ. అది పేరే అనుకుంది. ఆ సాయంత్రమంతా "మొక్కుపిల్లా, మొక్కుపిల్లా" అని పిలుస్తూనే ఉంది.

సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం కొమురెల్లి పోయాం. మల్లన్నకు పట్నం వేశారు, బోనం పెట్టారు. ఎల్లమ్మ దగ్గర పిల్లను కోశారు. నేను ఏడవలేదు, కూర తిన్నాను కూడా. సోమవారం వరండాలో సిస్టర్ ఆపి, మొక్కుపిల్ల ఎలా ఉందని అడిగింది. "బాగుంది, సిస్టర్" అన్నాను. మోరల్ సైన్స్ నోట్సులో మొదటి పేజీలోనే రాసుకున్న మాట తప్పాను.

ఎందుకు తప్పాను? మా పూజ ఆమె ముందు మోటుగా కనిపిస్తుందని సిగ్గుపడ్డాను. ఆమె పూజలోనూ ఒక గొర్రెపిల్ల ఉందనీ, అదీ బలి అయిందేననీ, వాళ్ళు రోజూ చేసే పూజ పేరే దివ్యబలిపూజ అనీ నాకు తెలియదు. అది చెప్పేది కిటికీ అవతలి తరగతిలో. అక్కడ కూర్చోనిచ్చి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో! లేదు, ఇది ఇప్పుడు నేను అల్లుకున్న సాకు కావచ్చు. తొమ్మిదేళ్ళవాడు సిగ్గుపడితే సిగ్గుపడతాడు, అంతే.

భూపాలపల్లికి బస్సులో పోతుంటే కాజీపేట వచ్చింది. ఫాతిమానగర్. 1952లో కథోలికుల వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింది ప్రాంతం, ఏర్పడింది. ఇటలీవాడైన బెరెట్టా దానికి తొలి బిషప్. ఈ మేత్రాసనం ప్రధాన దేవాలయానికి ఫాతిమా మాత పేరు పెట్టారు. 1917లో పోర్చుగల్‌లో ఆ తల్లి తమకు కనిపించిందని చెప్పిన ముగ్గురూ గొర్రెలు కాసే పిల్లలు. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి మా మేనకోడలి వయసే, ఏడు. 2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు దిక్కులయ్యాయి. మా మల్లన్న సిద్దిపేట జిల్లాకు పోయాడు. ఫాతిమా మాత లెక్కలో మాత్రం ఈ మూడు ఊళ్ళూ ఇంకా ఒక్క ఇల్లే.

మానుకోటలో ఇలాంటి బడిలోనే పాఠం చెప్పే మిత్రుడొకడున్నాడు. దసరా సెలవులకు ముందు అక్కడ బతుకమ్మ పెడతారు, సిస్టర్లు కూడా చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఇది మీకు పూజేనా అని ఒక సిస్టర్‌ను అడిగితే "మన సంస్కృతి కదా" అందట. పసుపు గౌరమ్మను పెట్టారా అని నేనడిగాను. గమనించలేదన్నాడు. గౌరమ్మ లేని బతుకమ్మ పూలకుప్పే. దేవుణ్ణి నొప్పి తెలియకుండా బయటికి తీసేయడానికి సంస్కృతి అనే మాటను మించిన మత్తుమందు లేదు. కానీ ఆమెను అనేముందు నన్ను నేను అడగాలి. నా సిలువ గుర్తూ అంతేనా, బడి నేర్పిన అలవాటేనా? ఆసుపత్రి వరండాలో అలవాటుతో చెయ్యి అలా వణకదు. అది అడుక్కోవడం. అడుక్కునేవాడికి ఇచ్చేవాడి పేరు సరిగ్గా తెలిసి ఉండాలా? ఇక్కడికి వచ్చి నా ఆలోచన ప్రతిసారీ ఆగిపోతుంది.

రాత్రి చెల్లె ఇంట్లో ఇద్దరికీ కంచాలు పెట్టారు. పిల్ల వాళ్ళ నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, నేనేం చెబుతానా అని చూస్తోంది. మేనకోడలు కళ్ళు మూసుకుని నొసట వేళ్ళు ఆనించింది. ఎలా లేచిందో నా చెయ్యీ లేచింది. నొసట, రొమ్మున, కుడి భుజం, ఎడమ భుజం.

పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది.

"మామా, తప్పు. ముందు ఎడమ దిక్కు."

నిజమే. అసెంబ్లీలో మాకెదురుగా నిలబడి చేసే సిస్టర్‌ను చూసి నేర్చుకున్నాను. ఎదుటివాళ్ళ ఎడమ మనకు కుడివైపు కదా! ఇన్నేళ్ళూ పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో, అమ్మ ఆపరేషన్‌లో కూడా తలకిందులుగానే అడుక్కున్నానన్నమాట. అమ్మ మాత్రం బతికింది.

"మల్ల జెయ్యి" అంది పిల్ల, కంచం పక్కకు జరిపి.