తగిలిస్తే వచ్చే గీతలు

కొన్ని ల్యాప్‌టాప్‌లకి బయటి మానిటర్ తగిలించగానే ల్యాప్‌టాప్ తెర మీద గీతలు పడతాయి. రంగులు చెదిరిపోతాయి, ఒక్కోసారి తెర మొత్తం వణికిపోతుంది. కేబుల్ పీకేస్తే అంతా సర్దుకుంటుంది. మళ్ళీ పెడితే మళ్ళీ మొదలు. ఇక వేరే సాక్ష్యం దేనికి? తప్పు మానిటర్‌దేనని ఇంట్లోవాళ్ళూ తేల్చేస్తారు, ఆఫీసులో పక్క సీటువాళ్ళూ తేల్చేస్తారు.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఇక్కడే తొందరపడొద్దంటుంది. ఒకటి ఉంటే రెండోదీ ఉండటం అన్వయం, అది లేకపోతే ఇదీ లేకపోవడం వ్యతిరేకం. మానిటర్ విషయంలో రెండూ అతికినట్టు కుదిరాయి. అయినా ఆ దర్శనాన్ని అనుసరించే నైయాయికుడు ఇంకో ప్రశ్న వేస్తాడు: మధ్యలో ఉపాధి ఏదైనా దాగి ఉందేమో చూశారా?

కంటికి కనబడే జంట వెనక ఉండి, అసలు పని నడిపించే షరతే ఉపాధి. పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్ని నిప్పూ పొగల మీద చూపించాడు. ఆయన తెలుగువాడని ప్రసిద్ధి.  పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టెలు తడిగా ఉండాలన్నది ఆయన చూపిన షరతు. రోజూ పొయ్యి దగ్గర నిప్పునీ పొగనీ కలిపే చూసేవాడికి ఆ తడి సంగతి తట్టదు.

ల్యాప్‌టాప్‌లోనూ తడి కట్టెలుంటాయి. 2011లో వచ్చిన 15, 17 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలే అందుకు ఉదాహరణ. వాటిలో గ్రాఫిక్స్ పనికి రెండు ఏర్పాట్లు ఉండేవి. ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయినది ఒకటి, విడిగా పెట్టిన ఏఎండీ చిప్ మరొకటి. మెయిళ్ళు చూసుకోవడం లాంటి తేలిక పనులకు మొదటిది చాలు. బయటి మానిటర్ తగిలిస్తే మాత్రం పని రెండోదానికి మారిపోయేది. ఆ రెండో చిప్‌లు చాలా యంత్రాల్లో దెబ్బతిన్నాయి. చివరికి 2015 ఫిబ్రవరిలో ఆపిల్ ఉచిత రిపేరు పథకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి యంత్రం ఉన్నవాళ్ళకు మానిటర్ తగిలించగానే తెర చెదిరితే, అందులో మానిటర్ తప్పేముంది? నిద్రపోతున్న జబ్బు చిప్‌ని అది లేపింది, అంతే. మానిటర్ లేకుండా భారీ గేమ్ తెరిచినా అవే గీతలు వస్తాయి. వ్యతిరేకం అక్కడ విరిగిపోతుంది.

అన్ని ల్యాప్‌టాప్‌ల కథా ఇదే కాదు. పాత డ్రైవర్, వదులైన కేబుల్, మానిటర్‌కు కుదరని రిఫ్రెష్ రేటు, కరెంటు ఆదా కోసం తెర తనంతట తాను పాత బొమ్మనే నిలబెట్టుకునే ఏర్పాటు, వీటిలో ఏదైనా కావచ్చు.

మరి వెతుకులాట ఎక్కడ ఆగాలి? కంటికి కనబడిందే ప్రమాణమనే చార్వాకులు అడిగింది ఇదే. ఒక ఉపాధి దొరికితే దాని వెనక ఇంకొకటి ఉండొచ్చు కదా, అలాంటప్పుడు అనుమాన ప్రమాణాన్ని, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చే పద్ధతిని, నమ్మడమెలా అని నిలదీశారు. నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో గట్టి జవాబే చెప్పాడు. సందేహం మనిషి చేసే పనితో ఢీకొనే దాకానే సాగుతుంది. నిప్పుకీ పొగకీ సంబంధం లేదని వాదించేవాడు కూడా పొగ కావాలంటే నిప్పే రాజేస్తాడు. రిపేరు బల్ల దగ్గర కూర్చున్నవాడి పద్ధతీ ఇదే. పరీక్ష పెడతాడు, ఫలితం చూస్తాడు, ఆ మేరకే నమ్ముతాడు.

ఆ పరీక్షల్లో చాలా తేలికైనది స్క్రీన్‌షాట్. గీతలు కనబడుతున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫైలును ఫోన్‌లోకి పంపి చూడాలి. స్క్రీన్‌షాట్ తెరని ఫొటో తీయదు, తెర దాకా వెళ్ళకముందు మెమరీలో తయారైన బొమ్మని పట్టుకుంటుంది. ఫోన్‌లోనూ గీతలుంటే బొమ్మ తయారైన చోటే, అంటే డ్రైవర్‌లోనో గ్రాఫిక్స్ చిప్‌లోనో లోపం ఉంది. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే లోపం ఆ తర్వాతి దారిలో ఉంది: తెరకు పంపే దశలో, మూత మడత దగ్గరి సన్నని కేబుల్‌లో, లేదా ప్యానెల్‌లో. పైత్యం చేసినవాడికి తెల్లని శంఖం పచ్చగా కనబడుతుందని దర్శనకారులు పదే పదే చెప్పారు. పసుపు శంఖంలో ఉందా, కంటిలో ఉందా అన్న ఆ పాత ప్రశ్నే ఇక్కడ స్క్రీన్‌షాట్ వేస్తోంది.

ఈ ప్రశ్న వేయని చోట మనుషులు నలిగిపోతారు. కొత్త కోడలు గడపలో అడుగుపెట్టింది, నెల తిరక్కుండానే మామగారి వ్యాపారం మూతపడింది. వేళావిశేషమన్నారు. ఆ కొట్టు పెళ్ళికి ముందే అప్పుల్లో ఉందన్న మాట ఎవరూ ఎత్తలేదు. కంటి ముందు కొత్తగా ఏది కనబడితే దాని మీదే నింద వేయడం తెలుగు ఇళ్ళలో ఎన్ని బతుకుల్ని చెడగొట్టిందో చెప్పనక్కర్లేదు. తర్కం పండితులకే పరిమితమైన విద్య అనుకోవడం పొరపాటు. నిందపడినవాళ్ళకి అదొక్కటే దిక్కు. న్యాయసూత్రాల కర్త గౌతముడు కూడా తన శాస్త్రంలో చర్చించే పదహారు పదార్థాల్లో సంశయానికీ చోటిచ్చాడు.

కాబట్టి డిస్‌ప్లే మార్చాలని షాపువాళ్ళు చెప్పినా, మానిటర్ వాపసు ఇచ్చేద్దామని మనసుకు తోచినా, ముందు స్క్రీన్‌షాట్ తీయండి. మానిటర్ లేకుండా ఒక బరువైన ప్రోగ్రామ్ నడిపి చూడండి. విండోస్ మొదలవకముందు బయోస్‌లోనే గీతలుంటే డ్రైవర్ మార్చినా లాభం లేదు. లోపం గ్రాఫిక్స్ చిప్‌దేనని అనుమానం బలపడితే, రిపేరుకి ఇచ్చేముందే ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.