లెక్కయు ధర్మమే

ధర్మకార్యమునకు లెక్క యేల యను మాట మన ప్రాంతమున తరచుగా వినవచ్చుచుండును. దేవాలయపు కమిటీలో గాని, చర్చి సంఘములో గాని, గ్రామ గ్రంథాలయ సభలో గాని రాబోవు సంవత్సరపు ఆదాయవ్యయములను ముందుగా వ్రాసికొందమని యెవరైన అన్నచో, దేవుని పని దేవుడే చూచుకొనునని పెద్దలు సెలవిత్తురు. అడిగినవాడు అనుమానపరుడుగను, లోభిగను ఎంచబడును. ఈ భావము ఎంతవరకు ధర్మసమ్మతమో చదువరులతో కలిసి విచారింపగోరుచున్నాము.

ఈ వాదము చేయువారు మన కోనసీమలో మొట్టమొదట చూపునది డొక్కా సీతమ్మగారిని. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ యిల్లాలు లంకల గన్నవరములో, వైనతేయ దాటి వచ్చిపోవు బాటసారులకు వేళగాని వేళ సైతము పొయ్యి రాజేసి అన్నము పెట్టినది. నేడు గన్నవరపు అక్విడక్టు ఆమె పేరు ధరించియున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ బడులలోని మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి. అట్టి తల్లి ఏ బడ్జెట్టు వ్రాసికొని వడ్డించినదని వారి ప్రశ్న. ప్రశ్న బాగుగనే యున్నది. కాని ఆమె వడ్డించినది తన యింటి ధాన్యము. తరిగిన గాదె ఆమెది. మరునాటి కష్టమును ఆమెదే. తన సొమ్మును లెక్కింపక యిచ్చుట త్యాగము. ఊరివారి సొమ్మును లెక్కింపక వెచ్చించువాడు ఏమి త్యజించుచున్నాడు? సీతమ్మగారి పేరు చెప్పి చిట్టా మూసివేయువారు ఆమె ఔదార్యమును గాక, ఆమెకు గల స్వాతంత్ర్యమును మాత్రమే అపహరించుచున్నారు.

ఈ మాట పరులకు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట మేమొక విద్యార్థి సహాయ సంఘమునకు కోశాధికారిగా ఉంటిమి. ఇడ్లీలమ్ముకొని జీవించు ఒక వృద్ధురాలు పిల్లల పుస్తకములకని అయిదువందల రూపాయలు మా చేతిలో పెట్టినది. ఆ యేడు సంఘ భవనమునకు ముఖద్వారము కట్టుచుంటిమి. సిమెంటు ధర పెరిగినది. చేతిలోనున్న పైకమంతయు అందు కలిసిపోయెను. ద్వారము మీద పెద్ద దాతల పేర్లు పాలరాతిపై చెక్కించితిమి. బడులు తెరచిన తరువాత ఆమె వచ్చి, ‘నా డబ్బుతో ఏ పిల్లకు పుస్తకాలు కొన్నారు బాబూ?’ అని అడిగినది. అది నిలదీయుట గాదు. ఆ పిల్లను చూడవలెనన్న ముచ్చట. మాకు జవాబు లేకపోయెను. మాలో ఎవ్వరును దొంగిలింపలేదు. అయినను ఆమె యిచ్చిన దానము జరుగలేదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రములో ఆయము, వ్యయము, నీవి అని మూడింటిని వేరు పరచినాడు. నీవి యనగా వ్యయము పోగా మిగులునది. ఈ మూడు మాటలలోనే ధర్మసంస్థల బడ్జెట్టు ఇమిడియున్నది.

ఆయమునందు మొదట చూడవలసినది ఎంత వచ్చినదని కాదు, దేనికని వచ్చినదని. అన్నదానమునకు వచ్చినది, విద్యకు వచ్చినది, ఉత్సవమునకు వచ్చినది ఒక్క పెట్టెలో ఉండవచ్చును గాని ఒక్క పద్దులో ఉండరాదు.

వ్యయమునందు, ఒక్కసారి అగు ఖర్చును ఏటేట అగు ఖర్చును వేరు చేయవలెను. మండపము ఒక యేట కట్టుదుము. దానికి దీపము, ఊడ్పు, సున్నము ప్రతి యేడును కావలెను. ఒకనాటి విరాళమును నమ్మి నిత్య వ్రతము పట్టరాదు. ఊడ్చువాని జీతము, అర్చకుని భృతి, పాస్టరు పోషణ ధర్మమునకు వెలుపలి ఖర్చులని తలచి వాయిదా వేయుట మరియొక దోషము. కూలి ఎగగొట్టి వెలిగించిన దీపము ఏ దేవునికి ప్రీతి?

ఇక నీవి. ఒక సంస్థకు కొబ్బరి తోట పాట వలన ఆదాయము వచ్చుచున్నదనుకొందము. 1996 నవంబరు 6వ తేదీ తుఫానునకు కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగెను. నాటు కొబ్బరి మొక్క తిరిగి దింపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. నిలువ లేని సంస్థ అన్నము మిక్కిలి అవసరమైన నాడే ఆకు వేయలేకపోవును.

ముందుచూపు విశ్వాసలోపమందురా? నరసాపురము చేరిన బౌడెన్, బీర్ దొరల నాటి నుండి ఈ డెల్టాలో బోధింపబడుచున్న సువార్తలోనే, గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనను ఉపమానము కలదు. హిందూ ధర్మసంస్థలకు 1987 నాటి దేవాదాయ చట్టము బడ్జెట్టును, ఆడిట్‌ను విధించినది. విదేశీ విరాళములలో కార్యనిర్వహణకు వాడదగిన భాగమును 2020 నాటి సవరణ నూటికి 50 నుండి 20కి తగ్గించినది. కాని చట్టము పట్టికను వ్రాయింపగలదే గాని, ఇచ్చినవారి తలపును జ్ఞప్తియందుంచలేదు. అది మన పని.

అయితే పద్దు లేదని ఆకలిగొన్నవానిని గుమ్మము నుండి పంపవలెనా? వలదు. అనుకొనని అవసరమునకని కొంత మొత్తమును ముందే తీసి యుంచుడు. అట్లుంచినచో ఆనాడు వేరొకని పుస్తకములు అమ్మకయే వానికి అన్నము పెట్టవచ్చును.

కౌటిల్యుని గణకులు లెక్కలతో ఆషాఢమున రావలసియుండెడిది. మా సంఘమును ఇప్పుడు ఆ నెలనే లెక్క విప్పుచున్నది. ఆ వృద్ధురాలికి చదువు రాదు. కనుక గోడకు అంటించి ఊరకుండక, సభలో బిగ్గరగా చదువుచున్నాము. తరువాతి యేడు ఆమె సొమ్ముతో కొన్న పుస్తకములను, వాటిని అందుకొన్న పిల్లను ఆమె యెదుట నిలిపితిమి. మొదటి అయిదువందలును అప్పుగా వ్రాసి మా జేబుల నుండి తీర్చితిమి. ఆ పద్దు మాత్రము నేటికిని కొట్టివేయలేదు. క్రొత్తగా కోశాధికారి యగు ప్రతివానికిని మొదట దానినే చూపుచున్నాము.